ఇక్కడ ఆగాలి

జామ్‌గూడ, ఆదిలాబాద్ జిల్లా
ఆగస్టు, మొదటి ఆదివారం

ప్రియాతిప్రియమైన నవీనకు,

వర్షధారలు సాక్షిగా నీ నేస్తం నవ్యశ్రీ వ్రాయునది.

‘వ్రాయునది’ చూసి నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వుకో. ఇక్కడ ఫోన్ మాట్లాడాలంటే నీళ్ళ ట్యాంకు మెట్లు ఎక్కాలి. ఎక్కితే ‘హలో’ ఒక్కటి అవతలికి పోతుంది, మిగతా మాట ఇక్కడే ఉండిపోతుంది. ఫొటో పంపితే పొద్దుగూకేదాకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఉత్తరాలు. నిజం చెప్పనా, నాకు సంతోషంగానే ఉంది. ఫోన్‌లో ‘సన్నద్ధత’ అన్న మాట ఎవరైనా వాడతారా? కాగితం మీదైతే ఎంత అందంగా కూర్చుంటుందో చూడు!

మన డీఎడ్ కాలేజీలో ఇంటర్న్‌షిప్ బళ్ళు పంచేటప్పుడు, “ఆదిలాబాద్ పక్క అటవీ ప్రాంతపు బడికి ఎవరు పోతరు?” అని అడిగితే నేనెందుకు చెయ్యెత్తానో నీకొక్కదానికే చెబుతున్నా. ‘అటవీ’ అన్న మాట నచ్చి. తీరా దిగి చూస్తే అడవి లేదు. కంటికి ఆనినంత దూరం పత్తి చేన్లు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. పిల్లలు ఇంట్లో మరాఠీ, బడిలో తెలుగు, ఆటలో రెండూ కలిపి మాట్లాడతారు.

బడికి ఒక్కరే టీచర్, లీలాబాయి మేడమ్. నాకు మూడో తరగతి అప్పగించారు. మొదటి పాఠం ‘మొక్కల భాగాలు’. దానికి పాఠ్యప్రణాళిక రాశానే, నవీనా! మనకు నేర్పినట్టే రెండు గడులు. ఎడమ గడిలో ఉపాధ్యాయురాలు ఏం చేస్తుందో, కుడి గడిలో విద్యార్థులు ఏమంటారో. కుడి గడి రాస్తుంటే నాకే ఒళ్ళు పులకరించింది. విను: ‘విద్యార్థులు విస్మయంతో కన్నులు విప్పార్చి, “ఆహా! వేరు లేనిదే మొక్క లేదు కదా!” అని ముక్తకంఠంతో పలుకుతారు.’

లీలాబాయి మేడమ్‌కు చూపించాను. ఆమె కళ్ళద్దాలు పైకి తోసి చదివి, “అగ బాయీ! మా పోరలు ముక్తకంఠంతోని ఒక్కటే అంటరు బిడ్డా. అన్నం గంట కొట్టినప్పుడు,” అన్నారు.

ఆమెకు ఇంకా నా సన్నద్ధత తెలియదు.

నీ
నవ్యశ్రీ

---

కరీంనగర్
ఆగస్టు, మూడో వారం

నవ్యశ్రీ పండితులవారి పాదాలకు,

నువ్వు ‘మంచి తెలుగులో రాయి’ అని కాలేజీలో నా ప్రాణం తీసేదానివి కాబట్టి నీ కోసం పుస్తకాల తెలుగులోనే రాస్తున్నాను. కోపం వచ్చిన చోటల్లా మన తెలుగు వస్తది. ఏమనుకోకు.

ముందు ఒక్క మాట. పిల్లలు ఏమంటరో నువ్వే రాసుకుంటే ఇగ వాళ్ళెందుకే బడికి? ఇంట్ల పండుకోమను.

నా బడి బస్టాండు వెనక సందులో. తరగతి గదికి ఒకటే కిటికీ. కిటికీ తెరిస్తే టిఫిన్ సెంటర్ వాళ్ళ వెనక గోడ. పిల్లలు నలభైకి పైనే. మా పెద్దపల్లిలో వరి నాట్లప్పుడు కూడా ఇంత లొల్లి ఉండదు. తారక్ అని ఒకడున్నాడు. నేను ఏం చెప్పినా, “అయితే ఏమైతది టీచర్?” అంటాడు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడంటే, “అయితే ఏమైతది టీచర్?” నాకు జవాబు తెలిస్తే కదా.

నా ప్లాన్ల సంగతి నీకు తెలుసు. సీనియర్ అక్కలవి జిరాక్సు తెచ్చి, పేరు మార్చి, తేదీ మార్చి రాసేస్తా. మొన్న తేదీ మార్చడం మరిచిపోయి రెండేళ్ళ కిందటి పాఠం చెప్పేసిన. ఎవరూ పట్టించుకోలే.

అసలు సంగతి. మన ఇద్దరికీ అబ్జర్వర్ ఒకరే, జగన్మోహన్‌రావు సార్. ఆయన ప్లాను చేతిలో పట్టుకుని, ఒక్కొక్క లైను మీద వేలు జరుపుతూ పాఠం వింటారట. ప్లానులో ఉన్నది చెయ్యకపోయినా తప్పే, లేనిది చేసినా తప్పే. ముందు నీ దగ్గరికే వస్తున్నారు. నీ ముక్తకంఠాన్ని జర సవరించుకో.

నవీన

---

జామ్‌గూడ
సెప్టెంబరు

నవీనా,

జగన్మోహన్‌రావు సార్ వచ్చారు. చాలాసేపు ఉన్నారు. సాయంత్రం దాకా ఉన్నారు.

ఇంతటితో ఉత్తరం ఆపేద్దామనుకున్నాను. కానీ నీ దగ్గర దాస్తే నాకు అన్నం దిగదు. ఆయన ఉన్నది పాఠం నచ్చి కాదు. తిరుగు బస్సు తప్పిపోయి.

పత్తి మొక్క బొమ్మ పెద్ద చార్టు మీద వేశాను. రంగులు కూడా దిద్దాను. “బాలలారా! ఈ చిత్రరాజమును అవలోకించండి,” అన్నాను. కన్నులు ఎవరూ విప్పార్చలేదు. దత్తు అని ఒకడు లేచి వచ్చి, చార్టు అంచు పైకెత్తి వెనక వైపు చూశాడు.

“ఏం చూస్తున్నావు నాయనా?” అన్నాను.

“ఆకు కింద పురుగున్నదా అని చూస్తున్న టీచర్. లేదు. మీ కాపూస్ మంచిగున్నది.”

కాపూస్ అంటే వీళ్ళ మాటలో పత్తి. సార్ వేలు నా కుడి గడి మీద ఆగిపోయింది. అక్కడ ‘ఆహా’ అని ఉంది.

ఇంతలో బస్సు హారన్. ఇక్కడికి ఉదయం ఒక్క బస్సు వస్తుంది. చివరి ఊరిదాకా పోయి, రెండో పీరియడు మధ్యలో తిరిగి బడి ముందు నుంచే ఆదిలాబాద్ పోతుంది. మళ్ళీ సాయంత్రమే. హారన్ వినపడితే చాలు, పిల్లలంతా పలకలు పారేసి కిటికీల మీద పడతారు. రోజూ ఇదే. సార్ ముందు పరువు పోకూడదని ఆ రోజు నేను పిల్లల కంటే ముందే పరిగెత్తి కిటికీలన్నీ మూసి గడియలు బిగించాను. గదంతా చీకటి. చీకట్లో పత్తి మొక్క మాయమైంది. నేను మాత్రం వదలకుండా ‘కాండము’ దగ్గర నిలబడ్డాను. బస్సు పోయింది. ప్రగతి అనే పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. దాన్ని చూసి పక్కది, దాన్ని చూసి ఆ పక్కది. నా పాఠంలో ముక్తకంఠంతో జరిగింది అదొక్కటే.

సార్ ప్లాను మడిచి, “అమ్మా, నువ్వు పాఠం బాగనే రాసినవ్. గని ఎవరికి రాసినవ్?” అన్నారు. నేను చార్టు చుట్టడం మొదలుపెట్టాను. “నవంబర్ల ఇంకోసారి వస్త. అప్పుడు గూడ గిట్లనే ఉంటె వచ్చే ఏడాది మళ్ళ ఇంటర్న్‌షిప్ చెయ్యాలె. సంతకం పెట్ట,” అన్నారు. అప్పటికి ఆయన బస్సు పోయి అర్ధగంట అయింది. సాయంత్రం దాకా ఇద్దరం ఒకే వరండాలో కూర్చున్నాం. అంత పొడుగు మధ్యాహ్నం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన పోయాక లీలాబాయి మేడమ్ నన్ను పిలిచారు. “కిటికీలెందుకు మూసినవ్ బిడ్డా? ఆ బస్సుల కండక్టర్ సక్కుబాయి ఎవరనుకున్నవ్? ప్రగతి తల్లి. డ్యూటీలకని ఆదిలాబాద్‌ల ఉంటది. పిల్లనేమో ఈడ అమ్మమ్మ కాడ. సెలవు దొరికినప్పుడే వస్తది. రోజూ గా కిటికీల నుంచే తల్లీబిడ్డల మాటముచ్చట.”

సిరిసిల్లలో సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, పనిచేసే మా అవ్వ, బాపు సార్ పెట్టే సంతకం కోసం ఎదురుచూస్తున్నారు. ‘ఈ ఏడుతో మా బిడ్డ పంతులమ్మ’ అని వాడకట్టంతా చెప్పుకున్నారు. వాళ్ళకింకా ఏమీ రాయలేదు.

నవ్య

---

కరీంనగర్
సెప్టెంబరు చివర

ఓ పిచ్చి నవ్యా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్విన. తర్వాత ప్రగతి దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగింది. నీకు చెబితే గాని అర్థం కాదని చెబుతున్నా: నువ్వు మొద్దువు కాదు. కిటికీ మూసినదానివి తెరవడం కూడా చాతనైతది.

ఇక్కడ నా సంగతి ఏమీ బాగాలేదు, కానీ ఏడ్చేంత బాగాలేకపోవడం కాదు. పిల్లలు నన్ను ‘జిరాక్స్ టీచర్’ అంటున్నారని నిన్న తెలిసింది. పేరు పెట్టింది ఎవరో చెప్పనక్కర్లేదు. పిలిచి అడిగితే, “పెడితే ఏమైతది టీచర్?” అన్నడు.

నువ్వు ‘మొక్కల భాగాలు’ మళ్ళీ కొత్తగా రాస్తావు కదా. రాశాక నాకొక కాపీ పంపవా? జర చూసి పెట్టుకుంటా, అంతే. స్నేహితురాలి ప్లాను స్నేహితురాలు చూడకూడదని రూల్ లేదు కదా. ఫికర్ చెయ్యకు.

నవీన

---

జామ్‌గూడ
అక్టోబరు, దసరా సెలవులయ్యాక

నవీనా,

ప్లాను పంపుతున్నాను. ఎన్నిసార్లు రాశానో అడగకు. రాసిన ప్రతిసారీ ఒక్కొక్క మంచి మాట కొట్టేయాల్సి వచ్చింది. ‘అవలోకించండి’ని కొట్టేసిన రోజు నిజంగానే దిగులేసింది. దాని బదులు ‘చూడండి’ అని రాశాను. చూశారు!

చార్టు తీసేశాను. ఊరంతా మొక్కలుంటే గోడకు బొమ్మెందుకు? ఎవరి చేనులోంచి వాళ్ళు ఒక కలుపు మొక్కో, పనికిరాని మొక్కో వేరుతో సహా పీక్కురావాలి. నా మొదటి ప్రశ్న ఒక్కటే: “ఏది పీకడం కష్టమైంది?” మామూలు రోజున ఒకసారి అడిగి చూశాను. దత్తు లేచి, “కంది టీచర్! నేను, మా అన్న ఇద్దరం గుంజితె గూడ రాలె. ముగ్గురం గుంజితె ముగ్గురం పడ్డం!” అన్నాడు. ఎందుకు రాలేదని అడిగితే ఒకరి మాటకు ఒకరు అడ్డం పడి వేరు గురించి వాళ్ళే చెప్పారు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. నోరు మూసుకోవడం ఇంత కష్టమని మన కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు కుడి గడి ఖాళీగా వదిలేస్తున్నాను. పాఠం అయ్యాక వాళ్ళు ఏమన్నారో అది రాస్తాను. ఈ సంగతి పిల్లలకు తెలిసిపోయింది. రోజూ పోయేటప్పుడు బల్ల చుట్టూ మూగి, “నాది రాసిండ్రా టీచర్? నాది రాసిండ్రా?” అని అడుగుతారు. దత్తయితే, ‘గిది గూడ రాస్కోండ్రి’ అని తన మేకకు పిల్ల పుట్టిన సంగతి కూడా రాయించాడు. మొక్కల భాగాల్లో మేకపిల్ల ఉంది. ఉండనీ. మొక్కలు తినేది అదే కదా.

ప్లాను మధ్యలో ఒక చోట ‘ఇక్కడ ఆగాలి. అందరూ కిటికీ దగ్గరకు వెళ్ళాలి’ అని చూసి కంగారు పడకు. అది బస్సు కోసం. దాని కిందనే ‘ముందు ప్రగతిని అడగాలి’ అని ఉంటుంది. ఎందుకంటే తల్లిని చూసి వచ్చాక ప్రగతి మొహం వెలిగిపోతూ ఉంటుంది. అప్పుడు అడిగితే ఎంత కష్టమైన ప్రశ్నకైనా జవాబు చెబుతుంది.

నవంబరులో సార్ వస్తారు. ఇది సరిపోతుందో లేదో తెలియదు. కానీ ఇప్పుడు ఎవరికి రాశానో మాత్రం తెలుసు.

నవ్య

---

కరీంనగర్
నవంబరు, రెండో వారం, గురువారం

నవ్యా,

ఈ ఉత్తరం నీకు జగన్మోహన్‌రావు సార్ కంటే ముందు చేరాలి. ట్యాంకు మీదికి ఫోన్ చేసి చేసి నా వేలు అరిగింది.

ముందు కూర్చో. కూర్చున్నావా? నీ ప్లాను నేను చూసి పెట్టుకోలేదు. మొత్తం దించిన, ఖాళీగా ఉన్న కుడి గడి ఒక్కటి నేను నింపిన. తెలిసే దించిన. మంగళవారం సార్ నా తరగతికి వచ్చారు. నవంబరులో వస్తారని ప్లాను అడిగినప్పుడే నాకు తెలుసు, నీకు చెప్పలే.

ఏం జరిగిందో చెబుతా, తర్వాత తిట్టు. ప్లానులో ఉంది కాబట్టి పిల్లలకు ‘ఎవరి చేనులోంచి వాళ్ళు మొక్క తేవాలి’ అని చెప్పిన. బస్టాండు వెనక సందులో చేనెక్కడిది? ఒకడు మార్కెట్ నుంచి వేర్లతో కొత్తిమీర కట్ట తెచ్చాడు. ఒకామె సీసాలో మనీప్లాంట్. ఇంకొకడు ప్లాస్టిక్ గులాబీ, కడిగి మరీ తెచ్చాడు. తారక్ తులసి మొక్క కుండీతో సహా. “ఏది పీకడం కష్టమైంది?” అని నీ ప్రశ్న అడిగిన. తారక్ లేచి, “నాది టీచర్. మా అమ్మ చేతుల్లకెళ్ళి పీకుడు,” అన్నాడు. వాళ్ళ అమ్మ అప్పటికే గేటు దగ్గర ఉంది.

సార్ వేలు ప్లాను మీద జరుగుతూనే ఉంది. జరిగి జరిగి ‘ఇక్కడ ఆగాలి. అందరూ కిటికీ దగ్గరకు వెళ్ళాలి’ దగ్గరికి వచ్చింది. నవ్యా, ఆ లైను బస్సు కోసమని నాకు తెలుసు. రాసేటప్పుడు చెయ్యి రాసుకుంటూ పోయింది, బుర్ర ఇంకెక్కడో ఉంది. ఇప్పుడు ఆగకపోతే తప్పు. ఆగిన. “అందరూ కిటికీ దగ్గరికి పోండ్రి,” అన్న. నలభై మంది ఒక్క కిటికీ మీద పడ్డారు. బయట ఏముంది? గోడ. అందరం గోడనే చూస్తున్నం. అప్పుడు తారక్ అరిచాడు, “టీచర్, గోడల చెట్టు!” పగులులో ఇంత రావి మొక్క, గోడను చీల్చుకుని మొలిచింది. ఒక పిల్ల, “దాన్ని పీకుడు అన్నిటికంటే కష్టం,” అన్నది. అంతే, వేరు గురించి ఎంత లొల్లి చేశారో!

సార్ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. “మౌన పరిశీలన! నేను ఇన్నేండ్ల సర్వీసుల చూడలే!” అన్నారు. ‘ముందు ప్రగతిని అడగాలి’ అన్నదానికి కూడా మెచ్చుకున్నారు. మా తరగతిలో ప్రగతి ఎవరూ లేరు. అది అభివృద్ధి గురించి రాసిన మాట అనుకున్నట్టున్నారు.

పోతూ పోతూ, “వచ్చే సోమవారం జామ్‌గూడకు పోతున్న. ఆ అమ్మాయికి నీ ప్లాన్ చూపిస్త,” అన్నారు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలే.

నువ్వు వేరే పాఠం చెప్పు. ఆ ప్లాను బయటికి తియ్యకు. దండం పెడతా.

నవీన

---

జామ్‌గూడ
నవంబరు, మూడో వారం

శ్రీమతి కాని నవీన గారికి,

నమస్కారములు. తమరు పంపిన ఉత్తరం అందింది. జగన్మోహన్‌రావు సార్ దిగిన బస్సులోనే తపాలా సంచి కూడా దిగింది. సార్ నడిచి నేరుగా బడికి వచ్చారు. సంచి మాత్రం పోస్టాఫీసు చుట్టూ తిరిగి అన్నం గంట తర్వాత వచ్చింది. తమరి హెచ్చరికకు ధన్యవాదములు.

ఇంక ‘గారు’ నాకు రాదు. విను.

సార్ నా ప్లాను తెరిచారు. కింది దాకా చదివారు. మళ్ళీ పైనుంచి చదివారు. తన సంచిలోంచి నీ ప్లాను తీసి పక్కన పెట్టారు. “ఎడమ గడి అక్షరం తేడా లేదు. కరీంనగర్‌ల ఈ పాఠం మొన్ననే చూసిన. గా అమ్మాయి బ్రహ్మాండంగ చెప్పింది. నువ్వేమో కనీసం కుడి గడి గూడ దించలే, ఖాళీగ వదిలినవ్. దోస్తుది కాపీ కొడితె కొట్టినవ్, పూర్తిగనన్న కొట్టవా?” అన్నారు.

నవీనా, నాకు ఎన్ని మాటలు వచ్చో నీకు తెలుసు. ఒక్కటీ రాలేదు. లీలాబాయి మేడమ్ ఏదో అనబోతే, “ఎట్లాగూ వచ్చిన. కానియ్యి, చెప్పు. చూసి పోత. తిరుగు బస్సుకు ఊరి మూల మీద నిలబడాలె, తొందరగ,” అన్నారు. సంతకం పెట్టరని ఆ గొంతులోనే తెలిసిపోయింది. బాపు సాంచా ఆపి, దారపు పోగులు తుడుచుకుంటూ వచ్చి నా మొహం చూడడం కళ్ళ ముందు కనపడింది.

పిల్లలు మాత్రం మొక్కలతో నిండుగా కూర్చున్నారు. వాళ్ళకు సార్‌తో ఏం పని? “ఏది పీకడం కష్టమైంది?” అన్నాను. దత్తు తన కంది కథ మళ్ళీ చెప్పాడు. ఈసారి నలుగురు గుంజితే నలుగురు పడ్డారు. ఒకరు పత్తి వేరు బారెడుందని, ఒకరు కాదు మూరెడేనని గొడవ. “కొలుద్దామా?” అన్నాను. కొలిచారు. అది ప్లానులో లేదు. సార్ వేలు కొద్దిసేపు ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో ఉంది.

అప్పుడు హారన్. నేను మాట మధ్యలోనే ఆగిపోయాను.

“ఏమైందమ్మా? మౌన పరిశీలననా?” అన్నారు సార్.

పిల్లలు పలకలు బల్లల మీద పెట్టి (ఇప్పుడు పారేయరు, పెడతారు) కిటికీల దగ్గరకు వెళ్ళారు. ప్రగతికి ముందు చోటు. ఎవరూ చెప్పనక్కర్లేదు, దారి వాళ్ళే ఇస్తారు. డ్రైవర్ అంజన్న బడి దగ్గర బండిని నెమ్మది చేస్తాడు, కానీ ఆపడు, ఇక్కడ స్టాపు లేదు. తలుపు దగ్గర సక్కుబాయి విజిల్ నోట్లో పెట్టుకుని, అటూ ఇటూ చెయ్యి ఊపుతూ, పాట లాగా ఊదింది. “ఆయీ!” అని ప్రగతి ఒక్కటే అరుపు. మరాఠీలో అమ్మ.

సార్ కూడా కిటికీ దగ్గరకు వచ్చారు. ఆయన ప్రగతిని చూశారు, సక్కుబాయిని చూశారు, చేతిలోని ప్లానులో ఆ లైను చూశారు. వేలు మెల్లగా తీసేశారు. అంతలో ఆయనకు ఇంకొకటి గుర్తొచ్చింది.

“అరే! నా బస్సు!”

రెండు చేతులూ కిటికీలోంచి బయటపెట్టి గట్టిగా ఊపారు. “ఆపుండ్రి! ఆపుండ్రి!” ఇంతమంది పిల్లల మధ్య ఎవరి మాట ఎవరికి వినపడుతుంది? అంత పెద్ద సార్ కూడా టాటా చెబుతున్నారని సక్కుబాయి మురిసిపోయి, ఆయనకు ప్రత్యేకంగా నమస్కారం పెట్టి, రెండు విజిళ్ళు వేసింది. రైట్ రైట్. బస్సు పోయింది.

దత్తు ఆయన చొక్కా పట్టి లాగి, “సార్, మీకు గూడ చుట్టమా?” అన్నాడు.

నేను ప్రగతిని అడిగాను, గోడలు, బండలు ఉన్న చోట వేరు ఎటు పోతుందని. మొహం ఇంకా కిటికీ వైపే ఉంది, వెలిగిపోతోంది. “పక్కకెళ్ళి పోతది టీచర్. సందు దొరికేదాక పోతది,” అంది. నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు ఆ మాట.

సాయంత్రం దాకా మళ్ళీ అదే వరండా. ఈసారి అంత పొడుగ్గా లేదు. సార్ అడిగారు, “మరి కరీంనగర్‌ల బస్సేది?”

“అక్కడ గోడ ఉంది సార్,” అన్నాను. అప్పటికి నీ ఉత్తరం చదివాను మరి. “ప్లాను నాది. పంపింది కూడా నేనే. నాకు ఇచ్చినట్టే తనకూ ఇంకొక్కసారి ఇవ్వండి సార్.”

ఆయన రెండు ప్లాన్లూ ఒడిలో పక్కపక్కన పెట్టుకుని చూశారు. తర్వాత నా ప్లాను మీద సంతకం పెట్టి, “చప్పట్లు గూడ కొట్టిన గదనే గోడను చూసి!” అని తనలో తను నవ్వుకున్నారు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా.

నీ ప్లాను చించేశారు. నీ దగ్గరికి మళ్ళీ వస్తారు. నా మీద కోపం రావాలంటే తెచ్చుకో. నాకు నీ మీద ఇంకా పోలేదు.

నవ్యశ్రీ

---

కరీంనగర్
డిసెంబరు, మొదటి వారం

నవ్యా,

కోపం పోయేదాకా రాయొద్దనుకున్నా. నీది కాదు, నాది. నా మీద నాకు.

నీ ఉత్తరం వచ్చిన రోజు బడి అయ్యాక ఖాళీ గదిలో కూర్చున్నా. నువ్వు ‘ఎవరికి రాశానో తెలుసు’ అన్నావే, నాకు మాత్రం తెలియదు. నా పిల్లలు ఎవరసలు? అప్పుడు మొదటిసారి కిటికీలోంచి ఆ గోడ తీరుబడిగా చూసిన. చూస్తుంటే అర్థమైంది, రోజూ ఏ వేళకు నా తరగతి చెయ్యి దాటిపోతదో. గోడ అవతల బజ్జీలు వేసే వేళకు. ఆ వాసన వస్తే ఎవరికీ అక్షరం ఎక్కదు. నాకూ ఎక్కదు.

నా ప్లాను నేనే రాసుకున్నా. పాఠం ‘ఆహారం’. వంకర టింకర రాత, నువ్వు చూస్తే ఏడుస్తావు. మధ్యలో: ‘ఇక్కడ ఆగాలి. అందరూ వాసన చూడాలి. ఏమేం వేశారో చెప్పాలి.’ శనగపిండి, మిరపకాయ, వాము, నూనె. ఏది చెట్టుకు కాస్తది, ఏది చేనులో పండుతది, అన్నీ వాళ్ళే చెప్పారు. తారక్ లేచి, “మిరపకాయలు మంథని నుంచి మా తాత పంపుతడు టీచర్, ఆ హోటలాయనకు!” అన్నాడు. వాడు తన ఊరి గురించి చెప్పిన మొదటి సంగతి అది. “అయితే ఏమైతది తారక్?” అన్నా. తరగతంతా నవ్వు. వాడు కూడా.

జగన్మోహన్‌రావు సార్ ఈసారి ప్లాను మడిచి జేబులో పెట్టుకుని విన్నారు. మార్కులు మొదటిసారి కంటే తక్కువే వేశారు. “గివి మాత్రం నీవి,” అన్నారు. పాఠం అయ్యాక తనే పోయి బజ్జీలు తెప్పించారు.

ఈ కాగితం మీద నూనె మరక అదే. కోపం పోయిందా?

నవీన

---

ఆదిలాబాద్ బస్టాండు నుంచి
డిసెంబరు చివర

నవీనా,

పోయింది. నూనె మరక చూడగానే పోయింది, కానీ నీకు వెంటనే చెబితే చెడిపోతావని ఆగాను.

ఇంటర్న్‌షిప్ అయిపోయింది. సిరిసిల్ల బస్సుకు ఇంకా చాలా సమయం ఉంది. బాపుకు ఫోన్ చేశాను. సాంచాల చప్పుడులో ఏం వినపడిందో గాని, “ఆఁ! ఆఁ! పంతులమ్మా!” అని మూడుసార్లు అరిచాడు. అవ్వ వెనక నుంచి, “తిన్నదా అడుగు, తిన్నదా అడుగు,” అంటోంది.

పొద్దున జామ్‌గూడ నుంచి వచ్చింది ఆ బస్సులోనే. తరగతికి చెప్పి, మూల దాకా నడిచి, ఎక్కాను. బడి దగ్గరకు రాగానే అంజన్న రోజూలాగే నెమ్మది చేశాడు. కిటికీలన్నీ తలలే. అన్నాళ్ళూ లోపలి నుంచి చూసిన కిటికీ. బయటి నుంచి అంత చిన్నదని తెలియదు.

సక్కుబాయి ఒకటే విజిల్ వేసింది. ఒకటంటే ఆపమని.

అంజన్న వెనక్కి తిరిగి, “గీడ స్టాప్ లేదు గదమ్మా?” అన్నాడు.

“ఈ రోజు ఉన్నది. ఆపు జర,” అంది.

వెనక సీట్లో ఒక పెద్దాయన, “టైరు పోయిందా?” అని అడిగాడు. సక్కుబాయి ఆయనకు జవాబు చెప్పకుండా ముందు తన బిడ్డకు చెయ్యి ఊపి, తర్వాత నన్ను తలుపు దగ్గరకు జరిపి, తన చోటు ఇచ్చింది. దత్తు కిటికీ ఊచల మీదకు ఎక్కి, “టీచర్, గిది గూడ రాస్కోండ్రి!” అన్నాడు. ఆ తర్వాత అందరూ కలిసి ఏదో అరిచారు. ఇంజన్ చప్పుడులో ఒక్క ముక్క వినపడలేదు.

అందుకని ఈ ఒక్కసారికి కుడి గడి నేనే రాసేసుకున్నాను. ఏమన్నారో తెలియదు. ముక్తకంఠంతో అన్నారు.

నీ
నవ్య